ముప్ఫై ఒకటి పలకాలి

నవంబర్ 3

బాలల దినోత్సవానికి ఈసారి వ్యాసరచన వద్దట. కథల పోటీ అట, అందులోనూ దయ్యాల కథలట. నిర్మలాదేవి గారు మా గురుకులానికి ప్రిన్సిపాల్‌గా వచ్చి నాలుగు నెలలు కాలేదు, రోజుకో కొత్త ముచ్చట. "దసరా సెలవులకు ఇంటికి పోయి ఫోన్లల్ల అవే వింటున్నరు నాగలతా. అదేదో మనమే రాయిద్దాం. తెలుగు మేడంవి, జడ్జి నువ్వే" అన్నారు.

పిల్లలు పేర్లు రాయకూడదట, అప్పుడైతే మొహమాటం లేకుండా రాస్తారట. ఫస్టు ప్రైజు ఎందుకిచ్చానో, భయపెట్టే కథలో చదవదగ్గది ఏముంటుందో పద్నాలుగో తారీఖున నేను మైకులో చెప్పాలి. ఇరవై రెండేళ్ళ సర్వీసు, అరవై రెండు మంది ఆడపిల్లలకు హౌస్ మేడంని, పొద్దున లేస్తే నీళ్ళు, కోడిగుడ్లు, కొట్లాటలు. ఇక దయ్యాలకు కూడా మార్కులు వెయ్యాలి. నా ప్రాణానికి ఇదొకటి తక్కువైంది.

నవంబర్ 5

కథలు వచ్చాయి. నలభై ఒకటి. అన్నీ మా హౌస్ పిల్లలవే. ఏ క్లాసులోనూ పాఠాలు సరిగా జరగడం లేదు, సగం మంది డ్యాన్సు ప్రాక్టీసు, సగం మంది తోరణాలు.

నవంబర్ 6

ఇరవై ఆరు కథల్లో తెల్లచీరలు. పద్దెనిమిదింట్లో గజ్జెల చప్పుడు. రెండింట్లో బంగళా, అందులో పియానో! ఒక కథలో పదమూడో అంతస్తులో ఆగిపోయిన లిఫ్టు, అద్దంలో దయ్యం. మా హౌస్‌లో లిఫ్టు ఎక్కిన పిల్ల ఒక్కతి లేదు. పాల్వంచకు పోతే బస్టాండు, భద్రాచలం పోతే గోదారి, అంతే వీళ్ళు చూసిన లోకం. కాంపౌండు గోడ అవతల అడవి ఉంటే దాన్ని వదిలేసి లిఫ్టులో ఎక్కారు. టిఫిన్ దగ్గర అడిగాను, అడవి గురించి ఎవరూ రాయలేదేమే అని. "అడవిల భయమేముంటది మేడం" అని నవ్వారు.

ఎవరి దగ్గరో విన్న భయాలు ఇవన్నీ. చదువుతుంటే ఆవలింతలు వచ్చాయి.

తొమ్మిదో కథ మాత్రం వేరుగా ఉంది. పేరు 'ముప్ఫై ఒకటి'. ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను, ఎందుకో తెలియదు.

"మా హాస్టల్ల దయ్యం లేదు. సాయంత్రం ఆరింటికి ఒక గొంతు వస్తది. దానికి మొకం ఉండదు, ఎప్పుడు కిందికి వంచుకొనే ఉంటది. దానికి మా పేర్లు తెల్వయ్. నంబర్లే పిలుస్తది. పోయినేడు ముప్ఫై ఒకటి చలి పెడుతుంది అన్నది. నాటకాలు ఆడకు అన్నది గొంతు. ముప్ఫై ఒకటి చచ్చిపోయింది. అయినా రోజు ముప్ఫై ఒకటి పలకాలె. పలకకపోతే గొంతు మొకం పైకి ఎత్తుతది. అందుకని రోజుకొకరు పలుకుతున్నం. కొత్త ముప్ఫై ఒకటికి కూడ చలి పెడుతుంది. పెట్టెల వెనుక పండుకోబెట్టినం. గొంతుకు చెప్పొద్దని ఒట్టేసుకున్నం."

ఇంతే. ముగింపు లేదు. చేతిరాత దరిద్రంగా ఉంది, మొదటి పేజీ నయం, రెండో పేజీకి అక్షరాలు గీతలు దిగి కిందికి జారిపోయాయి.

ఒళ్ళు మండింది. ఇది కథా? చాడీ!

నవంబర్ 7

ఎవరు రాశారు?

ఆరింటికి హాజరు నంబర్లతోనే పిలుస్తాను, నిజమే. పేర్లతో పిలిస్తే ముగ్గురు కళ్యాణులు, నలుగురు అనితలు, గంట పడుతుంది. నంబర్లయితే మూడు నిమిషాలు. రిజిస్టర్‌లో చూస్తూ పిలుస్తాను, టిక్కు పెట్టాలి కదా, ఆకాశంలో చూస్తూ పెడతానా?

నాటకాలు ఆడకు అనని టీచరు ఎవరైనా ఉన్నారా ఈ భూమ్మీద? పరీక్ష రోజు కడుపునొప్పి, ఆదివారం మాయం. ఆ మాట అనకపోతే హౌస్ నడవదు.

ప్రమీల సంగతి వేరు.

పదో క్లాసు కళ్యాణి హౌస్ లీడరు. అది రాసిందేమోనని పిలిచాను.

"'ముప్ఫై ఒకటి' కథ నీదేనా?"

"నాది లిఫ్టు కథ మేడం."

"అబద్ధం ఆడితే ఊరుకోను."

"ఒట్టు మేడం, లిఫ్టే నాది." తలుపు దాకా వెళ్ళి ఆగి, "ఆ కథ మొత్తం చదివిన్రా మేడం?" అంది.

"చదివాను. ఎవరిదో చెప్పు."

"ఎవరిదైతేంది మేడం. అండ్ల ఏముందో చూడున్రి" అని వెళ్ళిపోయింది. ఎంత పొగరు! లీడరు పదవి తీసేస్తే తెలిసొస్తుంది.

ఈ కాగితం ప్రిన్సిపాల్ గారి చేతిలో పడితే? పై ఆఫీసుకు పోతే? మళ్ళీ విచారణ, మళ్ళీ కాగితాలు.

నవంబర్ 8

సాయంత్రం ఆరు. అరవై రెండుకు అరవై రెండు. ముప్ఫై ఒకటి పలికింది. చాలా స్పష్టంగా పలికింది.

నవంబర్ 9

ఆదివారం. తెలుగు నోటుబుక్కులు అన్నీ తెప్పించి చేతిరాతలు పోల్చాను. మధ్యాహ్నం భోజనం నుంచి నాలుగింటి దాకా. ఏ పిల్ల రాతా కలవలేదు. మొదటి పేజీకి కొంచెం దగ్గరగా ఉన్నవి ఐదారు, రెండో పేజీకి ఒక్కటీ లేదు. కావాలని ఎడమచేత్తో రాసి ఉంటుంది. ఎంత తెలివి.

వంటమనిషి సోమ్లి వచ్చి నిలబడింది.

"మేడం, నాలుగు దినాల సంది పిల్లలు గంజి అడిగి తీస్కపోతున్నరు."

"డ్యాన్సు ఓణీలకు పెట్టుకుంటున్నారేమోలే."

"ఉప్పేసి ఇయ్యమంటున్నరు మేడం."

"ఇవ్వు, ఇవ్వు. నీకేం పోయింది."

సోమ్లి ఇంకేదో అనబోయింది. నోటుబుక్కులు చూస్తున్నానని వెళ్ళిపోయింది.

చిన్నప్పుడు దమ్మపేటలో మామిడితోట మంచె మీద కూర్చుని వారపత్రికలో దయ్యాల సీరియల్ చదివేదాన్ని. అమ్మ కేకలేసేది. ఎంత భయమేసేదో అంత ఇష్టంగా ఉండేది. చదివేవాళ్ళకు అన్నీ ముందే తెలిసిపోతాయి, అదే తమాషా. ఆ తలుపు వెనక ఏముందో మనకు తెలుసు, కథలో మనిషికి తెలియదు. తియ్యి తియ్యి అనో, తియ్యకు తియ్యకు అనో మంచె మీద నేనొక్కదాన్నే గొణుక్కునేదాన్ని. పుస్తకం మూస్తే భయం కూడా మూసుకుపోయేది. అందుకే చదివేదాన్నేమో. పోయినేడాది నుంచి అలాంటివి చదవడం మానేశాను. టైము లేక.

నవంబర్ 10

తొమ్మిదో కథను నా బీరువాలో చీరల కింద పెట్టాను. నలభై కథలే వచ్చాయని చెప్తాను. లిఫ్టు కథకు ఫస్టు. తెల్లచీరల్లో కాస్త నయంగా ఉన్నదానికి సెకండు. తలనొప్పి వదిలింది.

సాయంత్రం ఒక విషయం. ముప్ఫై ఒకటి అన్నప్పుడు గొంతు ఎడమ పక్క ముందు వరుస నుంచి వచ్చింది. నిన్న వెనక నుంచి వచ్చినట్టు గుర్తు. పిల్లలు రోజూ ఒక్కచోటే నిలబడతారా ఏమిటి.

ఈ ఏడు ముప్ఫై ఒకటి ఎవరు? సక్రి. తొమ్మిదో క్లాసు, కొత్తగా చేరింది. సన్నగా, రెండు జడలు. జూన్‌లో రిజిస్టర్‌లో ఖాళీ ఉండకూడదని ఆ నంబరు దానికి నేనే ఇచ్చాను. మంచం కూడా అదే. ఈ వారంలో దాన్ని ఎక్కడ చూశాను? ఏడో తారీఖున టిఫిన్ లైన్లో చూశాను, ఖాయంగా చూశాను. గిన్నె పట్టుకుని నిలబడింది. బాగానే ఉంది.

క్లాస్ టీచరును అడిగాను. "హౌస్ డ్యూటీలో ఉందని చెప్పిన్రు మేడం పిల్లలు" అంది. అవును, తోరణాల పని ఉంది కదా, దాంట్లో ఉండి ఉంటుంది. రేపు కనుక్కుంటాను.

నవంబర్ 12

భద్రాచలం దవాఖానా. వార్డు బయట బెంచీ. తెల్లవారి ఏడైంది. నిన్న జరిగింది రాయాలి. ఉన్నదున్నట్టు రాయాలి, నేను తప్ప చదివేవాళ్ళు ఎవరూ లేరు.

ఆరింటికి హాజరు మొదలుపెట్టాను. ముప్ఫై దాకా టిక్కులు పడ్డాయి. "ముప్ఫై ఒకటి" అన్నాను. "ప్రెజెంట్ మేడం" అని వచ్చింది. టిక్కు పెట్టలేదు. తల ఎత్తాను.

ముందు వరుస పిల్లలు ఒక అడుగు వెనక్కి వేశారు.

ఎవరూ వెయ్యమనలేదు. అందరూ ఒక్కసారే వేశారు. ఎదురుగా కళ్యాణి నోరు ఇంకా తెరిచే ఉంది. దాని నంబరు పన్నెండు. నన్నెవరో చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నేళ్ళలో ఆ పిల్లల మొహాలు అలా ఉంటాయని నాకు తెలియదు. ఎనిమిదో క్లాసు చిన్నది ఒకతి ఏడుపు మొదలుపెట్టింది.

"సక్రి ఏదే?" అన్నాను. కథలో చదివింది గుర్తొచ్చింది, పెట్టెల వెనుక.

పెట్టెల గది వరండా చివర ఉంది. పిల్లల ఇనుప పెట్టెలు అందులో పెడతాం. నడిచాను. తలుపు దగ్గర ఆగాను. ఎందుకు ఆగావు అని ఎవరైనా అడిగితే చెప్పలేను కానీ ఇక్కడ చెప్తాను. తియ్యకపోతే ఏమీ జరగలేదు. ప్రిన్సిపాల్ గారిని పిలుచుకొస్తే ఆవిడ తీస్తారు, నాకేమీ తెలియదు. గడియ మీద చెయ్యి పెట్టుకుని ఇదంతా ఆలోచించాను. ఎంతసేపు అంటే, వెనక నుంచి కళ్యాణి, "తియ్యున్రి మేడం, జల్దీ తియ్యున్రి" అని ఏడ్చేంతసేపు.

తీశాను.

మూడు పెట్టెలు పేర్చి వాటి వెనక బొంత పరిచారు. పక్కన గంజి గ్లాసు, జ్వరం మాత్రల ఖాళీ అట్టలు, తడిగుడ్డ. నాలుగు దుప్పట్లు కప్పుకుని, వాటి కింద ఇంకా వణుకుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు. తల దగ్గర తెల్లకాగితం, పెన్ను. కాగితం మీద ఒక్కటే వాక్యం మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టి వదిలేసింది. అక్షరాలు గీతలు దిగి జారిపోయాయి.

ఎడమచెయ్యి కాదు. చలి. ఆ చలితోనే రాసింది. నేను ఆ రాతను ఆదివారమంతా నోటుబుక్కుల్లో వెతుకుతూ కూర్చున్నాను.

సోమ్లి, నేను కలిసి ఎత్తుకున్నాం. ఏమంత బరువు లేదు. అంబులెన్సులో కళ్యాణి నా పక్కన కూర్చుంది.

"ఎన్ని రోజులైందే?"

"రెండో తారీఖు సంది మేడం. ఒకరోజు వస్తది, ఒకరోజు తగ్గుతది. తగ్గినరోజు లైన్ల నిలబడ్డది. మూడు దినాల సంది లేస్తలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నాటకం అంటరని. ఇంటికి తోల్తరని. తోలితే పత్తి ఏరనీకి పెడ్తరు, మళ్ళ రాదు." జారిన దుప్పటి తీసి సక్రి కాళ్ళ మీద కప్పింది. తర్వాత, "ప్రమీలక్క లెక్క అయితదని భయమైంది. మీకు చెప్పుడు ఎట్లనో తెల్వక పోటీల రాసినం. సక్రే రాస్తనన్నది. పేరు ఉండదు కదా మేడం" అంది.

డాక్టరు రక్తం చూసి మలేరియా, మెదడుకు ఎక్కుతోంది అన్నాడు. "ఇంకో రోజు ఆగి తెచ్చుంటే నేనేం చెప్పలేకపోయేవాణ్ణి" అన్నాడు. ఇవాళ కూడా ఏమీ చెప్పడం లేదు.

ఆరు రోజులు. కథ చదివి ఆరు రోజులు. ఎవరు రాశారు, ఎవరు రాశారు, ఎవరు రాశారు.

నవంబర్ 13

పొద్దున్నే సక్రి వాళ్ళమ్మ పూలి వచ్చింది. పత్తి చేను నుంచి అలాగే బస్సెక్కి వచ్చింది, కొంగుకు ఇంకా దూది పోగులు అంటుకుని ఉన్నాయి. నా రెండు చేతులూ పట్టుకుంది. "మీరే ఎత్తుకొచ్చిన్రంట మేడం. నా బిడ్డ పాణం కాపాడిన్రు. మీకు దండం" అంది. ఆ దండం తీసుకున్నాను. కాదని చెప్పలేదు.

పిల్ల ఇంకా మాట్లాడలేదు.

ప్రమీల సంగతి వేరు కాదు.

పోయినేడు ఇదే నెల, యూనిట్ పరీక్ష రోజు. "చలి పెడుతుంది మేడం" అంది. నాటకాలు ఆడకు అన్నాను. మర్నాడూ అంది, మర్నాడూ అన్నాను. మూడో రోజు వాళ్ళ నాన్న బిచ్యాకు ఫోన్ చేసి తీసుకుపొమ్మన్నాను. ఒళ్ళు కూడా ముట్టుకుని చూడలేదు. బస్సులో తీసుకుపోయాడు. మర్నాడు పోయింది. పిల్ల ఇక్కడున్నప్పుడు బాగానే ఉంది, ఇంటికి పోయాక పెద్దవాళ్ళు ఆలస్యం చేశారు అని రాసిచ్చాను. దాని కింద బిచ్యా సంతకం పెట్టాడు. ఏం రాసి ఉందో ఆయనకు చదివి వినిపించలేదు. ఆయన అడగలేదు, ఏడుస్తున్నాడు.

ఏడాదిగా ఈ డైరీలో ఇది రాయలేదు. వెనక్కి తిప్పి చూశాను. ఆ వారంలో కొళాయి రిపేరు గురించి రాసి ఉంది.

తొమ్మిదో కథ మళ్ళీ చదివాను. చీరల కింద నుంచి కళ్యాణితో తెప్పించాను. ఇప్పుడు చదివితే ప్రతి వాక్యం దగ్గరా ఆగాల్సి వస్తోంది. మంచె మీద కూర్చుని తలుపు తియ్యి తియ్యి అని గొణిగిన దాన్ని, నాకు ముందే తెలిసిన తలుపును నేనే తియ్యలేదు. ఎందుకంటే నేను కథను చదివేదాన్ని మాత్రమే అనుకున్నాను. అందులో ఉన్నదాన్ని అనుకోలేదు.

నవంబర్ 14

పొద్దున బస్సులో హాస్టల్‌కు వెళ్ళాను. మీటింగు పదింటికి. ప్రిన్సిపాల్ గారి గదిలో ముందు కాగితం ఇచ్చాను. ప్రమీల విషయంలో పోయినేడు నేను రాసిచ్చింది అబద్ధం, జరిగింది ఇదీ, అని రెండు పేజీలు.

నిర్మలాదేవి గారు చదివి కళ్ళద్దాలు తీశారు. "ఇప్పుడెందుకు నాగలతా? అయిపోయిన ఫైలు. ఉద్యోగం పోతది. ఈ పిల్లను కాపాడినవ్ కదా."

"నేను కాపాడలేదు మేడం. పిల్లలు ఆరు రోజులు గంజి పోసి కాపాడారు. బిచ్యా గారికి ఒక నకలు పంపండి, ఎవరిచేతైనా చదివించి వినిపించమనండి."

"బాగ ఆలోచించుకో."

"ఆలోచిస్తే ఇవ్వలేను. తీసుకోండి."

తీసుకున్నారు.

మైకు ముందు నిలబడ్డాను. రాసుకున్న పది వాక్యాలూ పోయాయి. ఫస్టు ప్రైజు 'ముప్ఫై ఒకటి' అన్నాను. చదివి వినిపించాను. మా హౌస్ పిల్లలు ఒక్కరూ కదల్లేదు. తర్వాత ఏం మాట్లాడానో గుర్తున్నంత వరకు: తెల్లచీరల దయ్యం ఎవరిదీ కాదు, దానికి భయపడి దుప్పటి కప్పుకుని పడుకోవచ్చు. ఈ కథలో దయ్యం గొంతు ఎవరిదో నాకు తెలుసు, నాదే. భయం కథ రాసేవాళ్ళు మనల్ని బెదిరించడానికి రాస్తారనుకున్నాను. కానీ సక్రి తనకు భయమేసి రాసింది. మామూలుగా చెప్తే నేను విననని తెలిసి కథగా చెప్పింది. చదివాక లేచి వెళ్ళి తలుపు తియ్యాలనిపిస్తే అది చదవదగ్గ కథ. నేను లేవలేదు. తప్పు కథది కాదు.

చప్పట్లు ఎవరూ కొట్టలేదు. కొట్టాల్సిన పని కూడా కాదు. ప్రిన్సిపాల్ గారు మైకు అందుకుని డ్యాన్సు అన్నారు.

మధ్యాహ్నం బస్సులో మళ్ళీ భద్రాచలం. దారంతా ఒకటే ఆందోళన, ఫోన్ మోగితే పూలి ఏం చెప్తుందోనని. మోగలేదు. వార్డులోకి వెళ్ళేసరికి సక్రి దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది, వాళ్ళమ్మ రొట్టె ముక్కలు పాలల్లో ముంచి పెడుతోంది. అక్కడే నిలబడి ఏడ్చాను, సిగ్గేం లేదు.

నన్ను చూసి గబగబా మింగింది. మెల్లగా, "నా కథ చదివిన్రా మేడం?" అంది.

"చదివాను."

"భయమైందా?"

"అయింది. చాలా భయమైంది."

ఎండిపోయిన పెదాలతో నవ్వింది. "ఫస్టు వచ్చిందా?"

"ఫస్టే. అందరికీ చదివి వినిపించాను."

వాళ్ళమ్మ వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో చెప్పింది, ఇద్దరూ నవ్వారు. ఎంత ముద్దుగా ఉందో ఆ పిల్ల నవ్వితే, జూన్ నుంచి నా హౌస్‌లో ఉంది, ఇవాళ చూశాను. జ్వరం ఉందేమో చూద్దామని నుదుటి మీదికి చెయ్యి చాపాను.

నవ్వు ఆగిపోయింది. దుప్పటి గడ్డం దాకా లాక్కుని గోడ వైపు జరిగింది. "తగ్గింది మేడం. నాకేం లేదు, మంచిగున్న" అంది. దుప్పటి కింద పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

నర్సును పిలిచాను. థర్మామీటర్ పెట్టి చూస్తే నూట రెండు.